వినే పెట్టె



పోయిన వేసవిలో మా చెల్లెలు కొడుకుని తీసుకుని అమెరికా నుంచి వచ్చింది. వాడికి తొమ్మిదేళ్లు. వచ్చిన మర్నాడు పొద్దున్నే మా అమ్మ హాల్లోకి వచ్చి, టీవీ బల్ల మీద నీలం రంగు పెట్టె ఒకటి చూసింది. చేతిలో పట్టేంత పెట్టె. ముందువైపు అద్దంలాంటి కిటికీ, ఆ కిటికీ వెనక చిన్న క్యాసెట్టు, కింద వరసగా మీటలు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ టేప్ రికార్డరు ఎక్కడిదే? ఇంకా అమ్ముతున్నారా ఇవి?" అని చెల్లెల్ని అడిగింది. అడుగుతూనే ఒక మీట నొక్కింది. పాట రాలేదు. టక్కున కిటికీ తలుపు తెరుచుకుంది.

మా మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మమ్మా! అది టేప్ రికార్డరు కాదు, సౌండ్‌వేవ్!" అంటూ పెట్టెను అందుకున్నాడు. పక్కల నుంచి చేతులు లాగాడు. మడతలో ఉన్న కాళ్లు చాపాడు. తల పైకి తీశాడు. అర నిమిషంలో అమ్మ చేతిలోని టేప్ రికార్డరు బల్ల మీద మరమనిషిగా నిలబడింది. క్యాసెట్టు పెట్టే కిటికీయే ఇప్పుడు వాడి ఛాతీ.

"ఎవర్రా వీడు?" అంది అమ్మ.

"చెడ్డవాడు అమ్మమ్మా. అందరి మాటలూ చాటుగా వింటాడు."

అమ్మ కాసేపు వాడికేసి చూసి, "వినడంలో తప్పేముందిరా? విన్నది తీసుకెళ్లి ఎవరి చెవిలో వేస్తాడో అది చూడాలి గానీ" అంది.

ఆ రోజు నుంచి నేను ఆ బొమ్మ గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. నలభై ఏళ్ల కిందట పుట్టిన ప్లాస్టిక్ దుష్టపాత్ర అది. దాని గురించి రేడియోలో మాట్లాడాలని నాకు ఎందుకు అనిపించిందంటే, వాడి వ్యవహారమంతా శబ్దంతోనే. పేరు శబ్దతరంగం. రూపం టేప్ రికార్డరు. ఆయుధం చెవి. రేడియో మీ ఇంట్లో మాట్లాడే పెట్టె. వాడు వినే పెట్టె. ఈ రెండు పెట్టెలకూ ఉన్న తేడా ఈ పూట మీతో చెప్పుకోవాలనుకుంటున్నాను.

ముందు వాడి పుట్టుక చెబుతాను. జపాన్‌లో టకారా అనే బొమ్మల కంపెనీ ఉండేది. 2006లో అది టోమీ అనే మరో కంపెనీతో కలిసిపోయి ఇప్పుడు టకారా టోమీ అయింది. ఆ టకారా 1974లో మైక్రోమాన్ అనే బొమ్మల వరస మొదలుపెట్టింది. మైక్రోమాన్‌లంటే అరచేతి పొడుగు మనుషులు. వాళ్లు మన ఇళ్లలో, మన వస్తువుల మధ్య తిరుగుతారని కథ. 1983లో ఆ వరసలోకి మైక్రో చేంజ్ అనే కొత్త ఆలోచన వచ్చింది. మైక్రోమాన్‌కు తోడుగా ఉండే రోబోలు, మన ఇంటి వస్తువుల రూపంలో దాక్కుంటాయి. అసలు ఉపాయం ఇక్కడుంది. ఆ బొమ్మలు వస్తువులకు చిన్న నమూనాలు కావు. వస్తువు ఎంత ఉంటుందో బొమ్మ కూడా అంతే. చేతిలో పట్టే చిన్న టేప్ రికార్డరు ఎంత ఉంటుందో ఈ రోబో అంత. దానిలోపల పెట్టే మైక్రో క్యాసెట్టు అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఈ బొమ్మ క్యాసెట్టూ అంతే.

ఇది చాలా పెద్ద తేడా అని నాకనిపిస్తుంది. మామూలు బొమ్మకారును చూసి ఎవరూ నిజం కారనుకోరు. అది కారుకు గుర్తు మాత్రమే. ఈ బొమ్మ అలా కాదు. బల్ల మీద పెడితే టేప్ రికార్డరే అనుకుంటారు. మా అమ్మ అనుకుంది కూడా. అంటే కథలో ఆ పాత్ర ఏ మాయ చేస్తుందో, బొమ్మ మా హాల్లో అదే చేసి చూపించింది. కథకు బొమ్మ సాక్ష్యం చెప్పింది.

ఈ జపాన్ బొమ్మలు అమెరికాకు చేరిన వైనం వెనక ఒక మనిషి ఉన్నాడు. హాస్బ్రో అనే అక్కడి బొమ్మల కంపెనీని ఇటువైపు తిప్పినవారిగా హెన్రీ ఒరెన్‌స్టీన్ పేరు చెబుతారు. ఆయన 1923లో పోలండ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల కాలంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్నారు. నిర్బంధ శిబిరాల్లో పడ్డారు. ఒకసారి శిబిరంలో, ఖైదీల్లో శాస్త్రవేత్తలూ గణితం తెలిసినవాళ్లూ ఉంటే పేర్లివ్వమని ప్రకటన వచ్చింది. ఆ చదువు లేకపోయినా ఆయన తన పేరూ అన్నదమ్ముల పేర్లూ ఇచ్చేశారు. ఆ వేషమే వాళ్ల ప్రాణాలు నిలిపింది. యుద్ధం అయ్యాక ఆయన అమెరికా వెళ్లి బొమ్మలు తయారుచేసే మనిషయ్యారు. ఒక వస్తువు మరో వస్తువుగా మారే ఈ జపాన్ బొమ్మలో ఏదో ఉందని హాస్బ్రో వాళ్లకు నచ్చజెప్పింది అటువంటి మనిషి. ఆ బొమ్మలో ఆయన ఏం చూశారో మనం ఊహించి చెప్పడం సరికాదు. కానీ ఆయన జీవితం తెలిశాక నాకొక సంగతి స్పష్టమైంది. వేషం తనంతట తాను చెడ్డది కాదు. పిట్ట నుంచి తప్పించుకోవడానికి ఆకులో ఆకై కూర్చున్న పురుగుది ఒక వేషం. లేడి కోసం గడ్డిలో గడ్డై పడుకున్న పులిది ఇంకొక వేషం.

హాస్బ్రో ఈ మైక్రో చేంజ్ బొమ్మలను, టకారాదే అయిన డయాక్లోన్ అనే వాహనాల వరసను కలిపింది. 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే ఒకే పేరు కింద అమ్మకానికి పెట్టింది. బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి, వాటికి పేర్లూ కథలూ కావాలి. ఆ పని మార్వెల్ కామిక్స్‌కు అప్పజెప్పారు. అక్కడ బాబ్ బుడియాన్‌స్కీ అనే సంపాదకుడు కూర్చుని చాలా బొమ్మలకు పేర్లు పెట్టారు. ఒక్కొక్కరి స్వభావం ఏమిటో, బలం ఏమిటో, బలహీనత ఏమిటో రాశారు. అలా జపాన్‌లో పేరుకు తగ్గ గుణమేదీ లేని ఒక క్యాసెట్టు రోబో, అమెరికాలో సౌండ్‌వేవ్ అయ్యాడు. సైబర్ట్రాన్ అనే లోహపు గ్రహం నుంచి వచ్చినవాడయ్యాడు. ఆ గ్రహంలో రెండు వర్గాలు. మంచివాళ్లు ఆటోబాట్లు, వాళ్ల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్. దుర్మార్గులు డిసెప్టికాన్లు, వాళ్ల నాయకుడు మెగాట్రాన్. డిసెప్టికాన్ అన్న పేరులోనే మోసం అన్న అర్థం ఉంది. సౌండ్‌వేవ్ ఆ మోసగాళ్ల గూఢచారి.

ఇప్పుడు బొమ్మను మీ కళ్లకు కట్టేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. రేడియోలో బొమ్మను చూపించలేను కాబట్టి మాటలతోనే విప్పుతాను.

పాత టేప్ రికార్డర్లలో వెనక సెల్లులు వేసే గది ఉంటుంది గుర్తుందా? ఈ బొమ్మకూ ఉంది. దాని మూత తీస్తే లోపల రెండు పెన్సిల్ సెల్లులు కనిపిస్తాయి. అవి సెల్లులు కావు. బయటికి తీస్తే ఒకటి వాడి చేతిలో పట్టే ఆయుధం, మరొకటి భుజం మీద పెట్టేది. దాచుకోవడానికి ఎంత సహజమైన చోటు! సెల్లుల గదిలో సెల్లులు ఉన్నాయని ఎవరికి అనుమానం వస్తుంది?

ఇక ఛాతీలోని క్యాసెట్టు. దాన్ని బయటికి తీసి మడతలు విప్పితే అది గద్ద అవుతుంది. ఇంకో క్యాసెట్టు విప్పితే నల్లటి చిరుతపులి. ఇంకో రెండు విప్పితే చిన్న రోబోలు. గద్దల్లో ఒకటి లేజర్‌బీక్, మరొకటి బజ్‌సా. చిరుత పేరు రావేజ్. చిన్న రోబోలు రంబుల్, ఫ్రెంజీ. ఆ క్యాసెట్ల మందం చూస్తే, ఇంత పలచటి దానిలో నాలుగు కాళ్లూ తోకా ఉన్న జంతువు ఎలా మడతపడి ఉందా అని ఆశ్చర్యం వేస్తుంది. ఆ మడతలు ఆలోచించిన వాళ్ల పనితనానికి ఎన్నిసార్లు చూసినా నాకు చేతులెత్తి నమస్కరించాలనే అనిపిస్తుంది.

మొదట అమ్మినప్పుడు సౌండ్‌వేవ్‌తోపాటు పెట్టెలో ఉన్న గద్ద బజ్‌సా. వీటి కథతో వచ్చిన టీవీ కార్టూన్‌లో ఎక్కువగా కనబడే గద్ద లేజర్‌బీక్. అది కావాలంటే వేరే పొట్లం కొనాలి, అది ఫ్రెంజీతో జతగా వచ్చేది. మరొక పొట్లంలో రావేజ్, రంబుల్. ఇక్కడొక చిత్రం జరిగింది. బొమ్మల్లో రంబుల్ ఎరుపు, ఫ్రెంజీ నీలం. కార్టూన్‌లో ఈ రంగులు తారుమారయ్యాయి. ఎరుపు ఎవరు, నీలం ఎవరు అని అభిమానులు ఈ నాటికీ వాదించుకుంటారు. నలభై ఏళ్లుగా రెండు క్యాసెట్ల రంగు కోసం పోట్లాడుకుంటున్నారంటే, వాళ్లు వాటిని ప్లాస్టిక్ ముక్కలుగా చూడడం లేదన్నమాట. మేనమామల్లో ఎవరిది ఏ పోలిక అని వాదించుకున్నట్టు వాదించుకుంటున్నారు.

ఆ కాలపు బొమ్మ పెట్టెల మీద ఇంకో ముచ్చట ఉండేది. వెనక అట్ట మీద పాత్ర శక్తియుక్తుల పట్టిక ఒకటి అచ్చువేసేవారు. ఉట్టి కళ్లతో చూస్తే గీతలు కలగాపులగంగా ఉండేవి. బొమ్మతో ఇచ్చిన ఎర్రటి పలక అడ్డుపెట్టి చూస్తేనే చదవడానికి వచ్చేది. 1985 నుంచి బొమ్మల మీద వేడికి రంగు మారే స్టిక్కరు కూడా అంటించారు. వేలితో రుద్దితే, ఆ బొమ్మ ఏ పక్షానిదో ఆ గుర్తు బయటపడేది. నకిలీ బొమ్మలను కనిపెట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. కానీ పిల్లవాడికి అది ఇంకేదో నేర్పింది. పైకి కనిపించే రూపం చాలదు, వేలితో తాకి, వేడి తగిలించి, ఓపిగ్గా చూస్తే గానీ ఎదుటివాడు ఎవరో తెలియదు.

ఇక వాడి గొంతు సంగతి. శబ్దంతో బతికేవాళ్లకు ఇది తెలుసుకోదగ్గ సంగతి.

1984 సెప్టెంబరు 17న అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ ధారావాహిక మొదలైంది. అందులో సౌండ్‌వేవ్‌కు గొంతు ఇచ్చినవారు ఫ్రాంక్ వెల్కర్. 1969 నుంచి స్కూబీ డూ కార్టూన్‌లో ఫ్రెడ్ అనే కుర్రవాడికి గొంతు ఇస్తున్న కళాకారుడాయన. ఈ ధారావాహికలో మెగాట్రాన్‌కూ ఆయనే గొంతిచ్చారు. రావేజ్ గుర్రుమన్నా, లేజర్‌బీక్ కూసినా, రంబుల్ తిట్టినా అవన్నీ ఆయన గొంతు నుంచి వచ్చినవే. మెగాట్రాన్ ఆజ్ఞ ఇస్తాడు, సౌండ్‌వేవ్ చిత్తం అంటాడు, ఛాతీలోంచి గద్ద కూసుకుంటూ ఎగిరిపోతుంది. ఆ మూడూ ఒక్క మనిషే. మన తోలుబొమ్మలాటలో తెర వెనక ఒక్కరే కూర్చుని నాలుగు పాత్రలు పలికించినట్టు.

మరి సౌండ్‌వేవ్ గొంతు మాత్రం మనిషి గొంతులా ఎందుకు ఉండదు? వెల్కర్ పలికిన మాటను వోకోడర్ అనే పరికరంలోంచి పంపించారు. దాన్ని అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హోమర్ డడ్లీ అనే ఇంజినీరు రూపొందించారు. మన మాటను అది సన్నని శబ్దం నుంచి లావు శబ్దం దాకా కొన్ని పాయలుగా విడదీస్తుంది. ఏ పాయలో ఎంత బలం ఉందో క్షణక్షణం కొలుస్తుంది. ఆ కొలతల ప్రకారం యంత్రం పుట్టించిన శబ్దాన్ని మలుస్తుంది. అప్పుడు మాటలు మనిషివే ఉంటాయి, ఊపిరి మాత్రం యంత్రానిది అవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ వోకోడర్‌ను దేనికి వాడారో తెలుసా? రహస్యాలు దాచడానికి. 1943లో వాషింగ్టన్‌కూ లండన్‌కూ మధ్య, మూడో చెవికి అర్థంకాకుండా మాట్లాడుకోవడానికి సిగ్‌సాలీ అనే టెలిఫోన్ వ్యవస్థ ఏర్పాటు చేశారు. దాని గుండె వోకోడరే. చాటుగా వినేవాణ్ని ఓడించడానికి వాడిన పరికరమే, నలభై ఏళ్ల తరవాత చాటుగా వినడమే బతుకైన ఒక పాత్రకు గొంతయింది. ఆ కార్టూన్ తీసినవాళ్లు ఇంత దూరం ఆలోచించి ఉండకపోవచ్చు. కానీ ఆ గొంతు విన్న పిల్లలకు వెన్ను జలదరించిందంటే కారణం ఉంది. భయపెట్టే గొంతులు చాలా ఉంటాయి. కోపంతో అరిచే గొంతు భయపెడుతుంది, కానీ కోపం ఉన్నచోట మనసు ఉంటుంది. సౌండ్‌వేవ్ గొంతులో కోపం లేదు, సంతోషం లేదు, జాలి లేదు. విన్నది విన్నట్టు అప్పజెప్పే గొంతు.

వాడి దుష్టత్వం అంతా అక్కడే ఉంది. బుడియాన్‌స్కీ కాలంలో రాసిన పరిచయంలో వాడు ఎదుటివాళ్ల మెదళ్లలోని విద్యుత్ కదలికలను పట్టి మనసులో మాట కూడా చదవగలడు. తోటి డిసెప్టికాన్లే వాణ్ని అసహ్యించుకుంటారు, ఎందుకంటే వాళ్ల గుట్టు పట్టుకుని బెదిరించి పైకి ఎదగడం వాడికి అలవాటు. కార్టూన్‌లో వాడి స్వభావం కొంచెం మారింది. అక్కడ వాడు మెగాట్రాన్‌కు నమ్మినబంటు. స్టార్‌స్క్రీమ్ అనే మరో డిసెప్టికాన్ ఎప్పుడూ నాయకత్వం కోసం వెన్నుపోటు ఆలోచనలో ఉంటాడు. సౌండ్‌వేవ్ అలా కాదు. 1986లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో, యుద్ధంలో కూలిపోయిన మెగాట్రాన్‌ను యుద్ధభూమిలో వదిలెయ్యకుండా చేతుల మీద ఎత్తుకుని మోసుకుపోతాడు. చూసేవాళ్లకు ఆ దృశ్యంలో వాడి మీద గౌరవం కలుగుతుంది. కలగాలి కూడా. విశ్వాసం మంచి గుణమే. కానీ విశ్వాసం ఎవరి మీద పెట్టాడన్నదే మనిషిని నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. కుంభకర్ణుడి కథ వింటూ పెరిగినవాళ్లం, మనకు ఇది కొత్త సంగతి కాదు.

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అంటారు. మాట జాగ్రత్త అని దాని అర్థం. సౌండ్‌వేవ్‌ను ఊహించినవాళ్లు ఆ చెవులను గోడ నుంచి తీసి మనం ఇష్టపడి కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే వస్తువుకు పెట్టారు. మెగాట్రాన్ రూపం తుపాకి. తుపాకిని చూస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. ఆ బొమ్మ అచ్చం నిజం పిస్తోలులా ఉండేది. 1988లో అమెరికాలో బొమ్మ తుపాకులు నిజం తుపాకుల్లా కనబడకుండా గుర్తు ఉండాలని చట్టం వచ్చింది. తరవాతి కాలంలో మెగాట్రాన్‌ను అక్కడ యుద్ధ ట్యాంకుగానో ఇంకోటిగానో మార్చి అమ్మారు. టేప్ రికార్డరుకు అలాంటి చట్టమేదీ అక్కర్లేకపోయింది. దాన్ని చూసి ఎవరూ భయపడరు. దాని పక్కనే కూర్చుని మాట్లాడుకుంటారు. సీతమ్మ దగ్గరకు రావణుడు పది తలలతో రాలేదు, భిక్షాపాత్ర పట్టుకుని వచ్చాడు.

కార్టూన్ మొదటి భాగంలో సైబర్ట్రాన్ మీద వాడు వీధి దీపపు స్తంభంలా నిలబడి కనిపిస్తాడు. భూమి మీదికి వచ్చాక టేప్ రికార్డరు అయ్యాడు. రెండు చోట్లా వాడు ఎంచుకున్నది ఒకటే, ఎవరూ రెండోసారి చూడని వస్తువు.

మంచివాళ్ల పక్షంలో వీడికి జవాబుగా ఇంకో పాత్ర ఉంది. పేరు బ్లాస్టర్. చేతితో మోసుకెళ్లే పెద్ద రేడియో కమ్ టేప్ రికార్డరు. పాటలంటే ప్రాణం, ఎప్పుడూ హుషారు. జపాన్‌లో ఈ బ్లాస్టర్‌కు పెట్టిన పేరేమిటో తెలిసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అక్కడ అతని పేరు బ్రాడ్‌కాస్ట్. ప్రసారం! అంతే కాదు, హాస్బ్రో కన్నా ముందు మైక్రో చేంజ్ వరసలో వచ్చిన ఆ జపాన్ బొమ్మలో నిజంగా పనిచేసే ఎ.ఎం. రేడియో ఉండేది. మీడియం వేవ్ పట్టుకునేది. అమెరికాలో అమ్మినప్పుడు ఆ రేడియో తీసేశారు.

చూడండి, దుష్టుడు టేప్ రికార్డరు, మంచివాడు రేడియో. ఒకడు చాటుగా విని ఒక్కడి చెవిలో వేస్తాడు. ఇంకొకడు బాహాటంగా అందరికీ వినిపిస్తాడు. మా అమ్మ అన్న మాటకు ఇంతకన్నా చక్కటి వ్యాఖ్యానం దొరకదు. మీరు ఇప్పుడు ఎక్కడ కూర్చుని ఈ ప్రసంగం వింటున్నారో ఈ రేడియోకు తెలియదు. మధ్యలో మీరు ఏమనుకున్నారో తెలియదు. నచ్చక కట్టేసినా తెలియదు. చెప్పేది అందరికీ సమానంగా చెబుతుంది, మీ నుంచి ఏమీ తీసుకుపోదు. ఆకాశంలోకి వదిలిన మాట మీద ఎవరికైనా హక్కు ఉంది. ఛాతీలో క్యాసెట్టుగా దాచిన మాట మీద దాచినవాడికే హక్కు. 1984లో మాట్లాడే పెట్టెలు ఇంటింటా ఉండేవి, వినే పెట్టె మాత్రం కథల్లో ఉండేది. ఈ రోజు మన జేబులో ఉన్న ఫోను మాట్లాడుతుంది, వింటుంది కూడా. అందుకే ఈ పాత బొమ్మ నాకు పాతదనిపించదు.

తరవాత ఈ పాత్రకు చాలా రూపాలు వచ్చాయి. 1987లో ఛాతీలో ఒకటి కాకుండా రెండు క్యాసెట్లు పట్టేలా మార్చి, నల్ల రంగు వేసి, సౌండ్‌బ్లాస్టర్ అనే పేరుతో జపాన్‌లో తెచ్చారు. 2009 సినిమాలో వాడు ఆకాశంలో తిరిగే ఉపగ్రహం. అక్కడి నుంచి భూమి మాటలన్నీ వింటాడు. 2011 సినిమాలో మెర్సిడెస్ కారు. 2010లో మొదలైన ట్రాన్స్‌ఫార్మర్స్ ప్రైమ్ అనే ధారావాహికలో వాడికి ముఖమే లేదు, ముఖం ఉండాల్సిన చోట ఒక నల్లటి తెర. నోరు విప్పి మాట్లాడడం చాలా అరుదు. ఏదైనా చెప్పాలంటే ఎప్పుడో ఎవరో అన్న మాటను వాళ్ల గొంతుతోనే తిరిగి వినిపిస్తాడు. తనకంటూ మాటలు దాదాపు లేనివాడు, అందరి మాటలూ దాచుకున్నవాడు. ఈ పాత్రను అంత లోతుగా అర్థం చేసుకున్న రూపకల్పన ఇంకొకటి నాకు కనబడలేదు.

కారు రూపంలో వాడు నాకు నప్పలేదు. కారు అయితే వందమందిలో ఒకడవుతాడు. ఈ వర్గాలు రెండింటిలోనూ కార్లకు కొదవ లేదు. ఆ సినిమాలు తీసినవాళ్ల ఇబ్బంది కూడా నిజమే. ఇరవై ముప్పై అడుగుల రోబో గుప్పెట్లో పట్టే పెట్టె అవడమెలా? పాత కార్టూన్‌లో ఆ ప్రశ్నే లేదు. చెట్టంత రోబో గాల్లో చుట్టచుట్టుకుంటూ చిన్నదై ఎవరి చేతిలోనో వాలిపోయేవాడు. మన కథల్లో కొండంత ఆంజనేయుడు పిల్లి అంతయి లంకలో దూరాడంటే ఎవరూ బరువు లెక్క అడగలేదు. ఆ కార్టూన్ చూసిన పిల్లలూ అడగలేదు.

బొమ్మలు చేసేవాళ్లు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఆ టేప్ రికార్డరు దగ్గరికే తిరిగి తిరిగి వచ్చారు. 2007లో టకారా టోమీ, నిజంగా పాటలు పాడే ఎం.పి.3 ప్లేయరుగా సౌండ్‌వేవ్‌ను తెచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా నోరులేకుండా ఉన్న పెట్టె అప్పుడు పాడింది. తరవాత పెద్ద వయసు అభిమానుల కోసం చేసే మాస్టర్‌పీస్ వరసలోనూ పాత రూపాన్నే ఇంకా నాణ్యంగా చేసింది. లోకంలో టేప్ రికార్డర్లు మూలపడ్డాయి. ఫిలిప్స్ కంపెనీ 1963లో లోకానికి చూపించిన క్యాసెట్టును ఇప్పటి పిల్లలు చాలామంది చేత్తో ముట్టుకోలేదు. రీలు బయటికి వస్తే పెన్సిల్ దూర్చి తిప్పడం వాళ్లకు తెలియదు. అయినా సౌండ్‌వేవ్ అంటే టేప్ రికార్డరే. అసలు వస్తువు పోయింది, దాని వేషం మిగిలింది. మా మేనల్లుడు ఆ బొమ్మను చూశాకే, క్యాసెట్టు అంటే ఏమిటి, అందులోంచి పాట ఎలా వచ్చేది అని అమ్మమ్మను అడిగాడు. అమ్మ వాడికి రెండు రోజులు పాఠం చెప్పింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ కార్టూన్లు బొమ్మలు అమ్మడానికే పుట్టాయి. 1980ల్లో అమెరికాలో ప్రసార నిబంధనలు సడలడంతో, అరగంట కార్యక్రమమే అరగంట ప్రకటన అయిపోయింది. పెగ్గీ చారెన్ అనే తల్లి, తోటి తల్లులతో కలిసి పెట్టిన సంస్థ ద్వారా ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 1990లో పిల్లల టెలివిజన్ చట్టం రావడంలో ఆమె శ్రమ ఉంది. ఆ తల్లుల ఆందోళన న్యాయమైనది. ప్రసార మాధ్యమంలో మాట్లాడేవాళ్లందరం దాన్ని గుర్తుంచుకోవాలి. పిల్లల చెవి పిల్లల సొత్తు, దుకాణం వాకిలి కాదు.

అయినా బొమ్మ ఒకసారి పిల్లవాడి చేతిలోకి వచ్చాక, అమ్మినవాడి కథ అక్కడితో ఆగుతుంది. మా ఇంట్లో ఉన్న సౌండ్‌వేవ్ పాడడు, మాట్లాడడు. మాట్లాడించాల్సింది పిల్లవాడే. మా మేనల్లుడు గొంతు బొంగురు చేసుకుని, ముక్కుతో యంత్రంలా పలుకుతూ వాడి చేత మాట్లాడిస్తాడు. మరుక్షణం మామూలు గొంతుతో ఆప్టిమస్ ప్రైమ్ అయి వాడికి జవాబిస్తాడు. దుష్టుడి మాటా వాడిదే, మంచివాడి మాటా వాడిదే. ఏ పక్కన నిలబడాలో ఆ ఆటలో వాడే తేల్చుకుంటున్నాడు. ఊరికే కూర్చుని చూసిన ఏ కార్టూనూ ఆ పని చేయించలేదు.

వాళ్లు ఉన్న నెల్లాళ్లూ రాత్రి పడుకునే ముందు వాడికి ఒక నియమం ఉండేది. సౌండ్‌వేవ్‌ను మడిచి టేప్ రికార్డరు చేసి బల్ల మీద పెట్టేవాడు. ఛాతీలోని క్యాసెట్టు తీసి తన దిండు కింద దాచుకునేవాడు. కిటికీ తలుపు తెరిచే ఉంచేవాడు. అలా తెరిచి ఉంటే సౌండ్‌వేవ్ రాత్రి మన మాటలు రికార్డు చెయ్యలేడని పిల్లవాడి ఏర్పాటు.

మా అమ్మ దీపాలు ఆర్పడానికి వచ్చి, తెరిచి ఉన్న ఆ తలుపు చూసి, లోపల దుమ్ము పడుతుందని చేత్తో మెల్లగా నొక్కి మూసేది. ఇంట్లో టేప్ రికార్డరు ఉన్న రోజుల్లో రాత్రి పూట ఆవిడ చేసిన ఆఖరి పని అదే.

పొద్దున్నే వాడు లేచి వచ్చి చూసేవాడు. తలుపు మూసి ఉండేది. వాడు వెనక్కి తిరిగి నా వైపు చూసి, గొంతు బాగా తగ్గించి, "మామయ్యా, వాడు రాత్రి లేచాడు" అనేవాడు.